నూతన వ్యాపారులకు వావిళ్లవారి పాఠము

అనకాపల్లి బెల్లపు బజారునకు తెల్లవారుజామున పోయి నిలుచున్నవారికి ఒక దృశ్యము కన్పట్టును. రైతులు తెచ్చిన దిమ్మలు వరుసలుగా పేర్చియుండును. కొనవచ్చిన వర్తకుడు దిమ్మను తట్టి చూచును. అంచున చిన్న పెచ్చు విరిచి నోట వేసికొనును. వెలుతురునకు త్రిప్పి రంగు పరికించును. పిమ్మట ధర పలుకును. ఈ పరీక్షలలో నేడు రుచికంటె రంగునకే పెద్దపీట లభించుచున్నది. పసిమిగా మెరయు దిమ్మకు హెచ్చుధర, నలుపుదేరిన దిమ్మకు తగ్గుధర. అందుచేత పాకములో హైడ్రోసు అను రసాయనమును వేసి రంగు తేర్చు అలవాటు చాలచోట్ల ప్రబలినది. ఆహారవస్తువులలో ఇట్టి గంధకద్రవ్యమునకు చట్టము హద్దు విధించియున్నది. అంతకంటె విశేషమేమనగా, ఈ మందుతో వచ్చిన తెలుపు నిలువదు. సరకు నిలువయుండిన కొలది ఆ దిమ్మ తిరిగి నలుపెక్కును. అమ్మిననాడు కంటికి ఇంపైన సరకు, దూరదేశపు అంగడి చేరి కొన్నాళ్లు గడచునప్పటికి అమ్మినవానిని గూర్చి వేరొక కథ చెప్పుచుండును.

ఇది రైతును నిందించుటకు వ్రాసిన మాట కాదు. రంగునకు ధర కట్టువాడు వర్తకుడు. వర్తకునిచేత అట్లు కట్టించువాడు కొనుగోలుదారుడు. బెండమొక్క జిగురుతో రసమును తేర్చి, శ్రమపడి మంచిపాకము దించిన రైతునకు ఆ శ్రమకు తగిన ధర నాడే రాదు. కావున ఇందలి ప్రశ్న రసాయనశాస్త్రమునకు సంబంధించినది కాదు, వర్తకమునకు సంబంధించినది. పదిమంది చేయగల సరకునే నేనును చేసినప్పుడు, కొనువాడు తక్కిన తొమ్మండుగురను విడిచి నన్నే యేల వెదకికొని రావలెను?

2022 ఏప్రిల్ 4 వ తేదీన అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. 1913 లో నెలకొల్పబడిన చెరకు పరిశోధనస్థానము శతవర్షములు దాటి పనిచేయుచున్నది. చదువుకొన్న యువకులు పలువురు, ఉద్యోగములకై ఎదురుచూచుట మాని, స్వంతవ్యాపారము పెట్టవలెనను సంకల్పముతో నున్నారు. బెల్లపుపొడి, బెల్లపుపాకము, చిరుధాన్యపు వంటకములు, విద్యార్థులకు శిక్షణాలయములు, ముద్రణాలయములు—ఇవి వారి ఆలోచనలు. అవి మంచి ఆలోచనలే. కాని వీనిలో ఒక్కటియు ఇతరులు చేయలేనిది కాదు. కావున పైప్రశ్న వారికి ఇంటిగుమ్మములోనే ఎదురగును. దానికి బెల్లపుబజారులో వెంటనే సమాధానము దొరకకున్నను, తెలుగు పుస్తకవ్యాపార చరిత్రలో ఒకచోట స్పష్టముగా దొరకుచున్నది. చెన్నపురిలోని వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ అను సంస్థ శతాబ్దమునకు పైగా ఆ ప్రశ్నకు పనితోడనే ఉత్తరము చెప్పినది.

1854 నాటి సాహసము

పాశ్చాత్యులు మనదేశమునకు అచ్చుయంత్రమును తెచ్చిన తరువాత చాలకాలము అది క్రైస్తవమిషనులకును, దొరతనమువారికిని, వారి కళాశాలలకును మాత్రమే లోబడియుండెను. 1835 లో మెట్కాఫ్ దొరగారి ప్రభుత్వకాలమున ముద్రణాలయములపైనున్న అనుమతిపత్రముల నిర్బంధము తొలగిన పిదప దేశీయులు స్వంతముగా అచ్చుకూటములు పెట్టుటకు దారి యేర్పడెను. నెల్లూరు మండలమునకు చెందిన సంస్కృతపండితులు వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854 లో చెన్నపట్టణమున 'హిందూభాషా సంజీవని' అను ముద్రాక్షరశాలను స్థాపించిరి. తరువాత వీరి ముద్రణాలయమునకు 'ఆది సరస్వతీ నిలయము' అను పేరు ప్రసిద్ధమయ్యెను.

ఆ సంవత్సరమునకు ఒక ప్రాముఖ్యము కలదు. ఇంగ్లండునుండి వుడ్ దొరగారి విద్యాశాసనము వచ్చినది 1854 లోనే. దానివలన పాఠశాలలకు ధనసహాయమొసగు పద్ధతి ఆరంభమై, 1857 లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను. అనగా చదువువారి సంఖ్య పెరుగనున్న కాలమునకు, పుస్తకము సమకూర్చు ఒక దేశీయవ్యాపారము సరిగా ముందు నిలిచినది. రాబోవు ఈ మార్పు నంతయు శాస్త్రులుగారు లెక్కకట్టి యీ పనికి దిగిరని చెప్పుట సాహసము. కాని ఒకమాట చెప్పవచ్చును. ఆ దినములలో పాండిత్యము గలవాడు యేదైన సంస్థానమును ఆశ్రయించి సంభావన పుచ్చుకొనుట పరిపాటి. రామస్వామిశాస్త్రులుగారు రాజాశ్రయమును వెదకక చదువరుల నాశ్రయించిరి. కానుక యిచ్చు ప్రభువొక్కడు ముఖము త్రిప్పుకొన్నచో పండితుని బ్రతుకు ఆగును. అణాలిచ్చి పుస్తకముకొను వేయిమందిలో పదిమంది మానినను వ్యాపారము ఆగదు. ప్రభుత్వపు రాయితీయొక్కటే పునాదిగా చేసికొని వ్యాపారము తలపెట్టు యువకులు మొట్టమొదట ఆలోచింపవలసిన విషయమిది.

అందరి సొత్తును తనదిగా చేసికొనుట

వావిళ్లవారు అచ్చువేసినవానిలో అధికభాగము భారత భాగవత రామాయణములు, ప్రబంధములు, సంస్కృతకావ్యములు, వ్యాకరణములు, స్తోత్రములు. నన్నయభట్టారకునకు గాని, కాళిదాసునకు గాని స్వామ్యపుధనము చెల్లింప నక్కరలేదు. ఏ అచ్చుకూటమువాడైనను భారతమును అచ్చువేయవచ్చును, అనేకులు వేసిరికూడ. అయినను పండితుడు శిష్యునకు పుస్తకము కొనుమని చెప్పునపుడు 'వావిళ్లవారి ప్రతి' అని ప్రత్యేకించి చెప్పుట తెలుగునాట వాడుకయైనది. గ్రంథము అందరిదియే, ప్రతి మాత్రము వావిళ్లవారిది. ఈ భేదము ఎట్లు సిద్ధించినదో గ్రహించిననాడు వ్యాపారరహస్యము సగము తెలిసినట్లే.

సీసపు అక్షరములతో తెలుగు అచ్చువేయుట ఎంత పనియో నేటివారు ఊహింపజాలరు. ఇంగ్లీషునకు ఇరువదియారు అక్షరములు, వాని పెద్దచిన్న రూపములు చాలును. తెలుగునకు గుణింతములు, ఒత్తులు చేర్చుకొన్న కొన్నివందల అచ్చులు కావలెను. కంపోజిటరు వానిని గూళ్లనుండి ఒక్కొక్కటిగా ఏరి, అద్దములో చూచినట్లు తిరుగబడియుండు అక్షరములను వరుసగా పేర్చవలెను. ధకారమునకు థకారము, పకారమునకు షకారము, ఘకారమునకు ఝకారము పడుట కనురెప్పపాటులో జరుగు పొరపాటు. కథలో అట్టి పొరపాటు పడినచో చదువరి దిద్దుకొని చదువుకొనును. పద్యములో పడినచో ప్రాసయో యతియో చెడును; ఛందస్సు కుంటును. నిఘంటువులో పడినచో పదమే మారిపోవును. మంత్రములోను స్తోత్రములోను పడినచో చదువువాడు క్షమింపడు.

కావున ఈ వ్యాపారములో అసలు ఖర్చు కాగితమునకు గాదు, సిరాకు గాదు, దిద్దుబాటునకు. పలుచోట్లనుండి తాళపత్రప్రతులను, పూర్వముద్రణములను తెప్పించి సరిపోల్చవలెను. ఏ పాఠము కవిదో, ఏది లేఖకుని ప్రమాదమో తేల్చవలెను. ఆ పని పండితుడు చేయవలెను, పండితునకు వేతనమీయవలెను. ఒకమారు దిద్దిన ప్రూఫును మరల దిద్దవలెను. ఇందులో ఒక్కటియు పుస్తకపు అట్టమీద కన్పడదు. ఈ ఖర్చును తగ్గించుకొన్నచో ఆ యేడు లాభము హెచ్చును. ఎవరికిని తెలియనుగూడ తెలియదు. తెలియునది పదియేండ్ల తరువాత, ఆ పేరు చెప్పినపుడు కొనువాడు చేయిచాపునో ముడుచుకొనునో అప్పుడు.

ఆకాలపు తెలుగు పుస్తకములు అనేకములకు తుదిని 'తప్పొప్పుల పట్టిక' యుండెడిది. ఇన్నవపుటలో ఇన్నవపంక్తిలో ఈ తప్పు పడినది, దీనిని ఇట్లు చదువుకొనుడు, అని అచ్చువేసినవాడే అచ్చువేసి చెప్పుట. తన సరకులోని దోషమును తానే వెలకట్టి చూపి, ఆ సరకుతోడనే అమ్మిన వర్తకుడు పుస్తకవ్యాపారమున దక్క మరియొకచోట కానరాడు. మనము దీనిని లోపముగా భావింతుము. కొన్న చదువరి అట్లు భావింపలేదు. తప్పు ఒప్పుకొన్నవాడు తక్కిన పుటలను శ్రద్ధగా చూచియుండునని నమ్మెను.

కొనువాని చేతకానితనమే వ్యాపారికి పని

రెండవపాఠము ఇంకను సూక్ష్మమైనది. సంస్కృతమును చదువగోరిన తెలుగువానికి నాగరిలిపి రాకపోవచ్చును. అక్షరము వచ్చినను అన్వయము కుదురకపోవచ్చును. గురువు దగ్గర కూర్చుండి చదువుకొను భాగ్యము అందరికి లేదు. ఈ కష్టములను వావిళ్లవారు చక్కగా గుర్తించిరి. సంస్కృతగ్రంథములను తెలుగు లిపిలో ముద్రించిరి. కావ్యములకును స్తోత్రములకును ప్రతిపదార్థమును తాత్పర్యమును చేర్చి వెలువరించిరి. తెలుగు ప్రబంధములకు వ్యాఖ్యానములు, పండితులచే పీఠికలు వ్రాయించిరి. దూరపు పల్లెలోని విద్యార్థి, గురువు లేకయే, దీపము ముందు పుస్తకము పెట్టుకొని శ్లోకమును విడదీసికొనగలిగెను. పుస్తకముతోబాటు గురువును గూడ కొంతవరకు అమ్మినట్లయినది.

పెద్దబాలశిక్ష సంగతియు ఇట్టిదే. పుదూరు సీతారామశాస్త్రిగారు పందొమ్మిదవశతాబ్ది పూర్వార్ధమున రచించిన బాలశిక్షయే తెలుగుబిడ్డల తొలిచదువునకు చిరకాలము ఆధారమయ్యెను. దానిని అచ్చువేసిన సంస్థలనేకములలో వావిళ్లవారు ఒకరు. వారి ప్రతి తెలుగుదేశమున బహుళప్రచారమును పొందినది. అక్షరములు, గుణింతములు, నీతివాక్యములు, అంకెలు, కొలతలు, తిథివారనక్షత్రములు, అరువది సంవత్సరముల పేర్లు, పురాణకథలు, భూగోళసంగ్రహము—ఒక కుటుంబమునకు నిత్యము కావలసిన తెలివినంతయు ఒక్క పుస్తకమున కూర్చిన గ్రంథమది. కొడుకు చదువుకొని పెట్టెలో పెట్టినదానిని తండ్రి తీసి తిథి చూచుకొనెడివాడు. ఒక పైసాకు రెండు ప్రయోజనములు గన్న కుటుంబము ఆ వస్తువును మరల కొనును.

నేటి యువవ్యాపారులు అనేకులు తాము ఏమి చేయగలరో దానినుండి ఆలోచన ప్రారంభింతురు. యంత్రమున్నది, కావున పొడి చేయుదము. స్థలమున్నది, కావున గిడ్డంగి కట్టుదము. వావిళ్లవారి ఆలోచన కొనువాడు ఎక్కడ ఆగిపోవుచున్నాడో అక్కడ ప్రారంభమయ్యెను. పట్టణములోని గృహిణి బెల్లపుదిమ్మను కొట్టలేక, నిలువయుంచలేక, అందులో ఏమి కలిపిరో తెలియక చక్కెరను కొనుచున్నది. ఆమె ఆగిన చోటు మూడు. మొదటి రెంటికి యంత్రము చాలును. మూడవదానికి యంత్రము చాలదు, పేరు కావలెను.

చురుకైన సరకు, నెమ్మదియైన సరకు

పుస్తకవ్యాపారి డబ్బు కాగితములో చిక్కుపడియుండును. వేయిప్రతులు ఒక్కమారు అచ్చువేయవలెను. అమ్ముడుపోవుట మాత్రము ఒక్కొక్కటిగా. బాలశిక్షలు, స్తోత్రములు, శతకములు త్వరగా పోవును. నిఘంటువులు, వ్యాకరణములు, ప్రౌఢకావ్యములు ఏండ్లకొలది అటకమీద నుండును. త్వరగా పోవుదానినే అచ్చువేసినచో సంస్థ ధనము సంపాదించును గాని పేరు సంపాదింపదు. నెమ్మదిగా పోవుదానినే పట్టుకొన్నచో పేరు మిగులును, ఇల్లు మునుగును. వావిళ్లవారి పట్టికలో ఈ రెండు తరగతులును ప్రక్కప్రక్కన కన్పట్టును. బాలుని పలకచదువునకు వలయు పుస్తకము మొదలుకొని మహాపండితుని వాదమునకు వలయు గ్రంథమువరకు ఒక్క అంగడిలోనే దొరకెను. మొదటిదాని రాబడి రెండవదాని ఓపికకు వెల చెల్లించుచుండెను. రెండవదాని గౌరవము మొదటిదానికి గిరాకి తెచ్చుచుండెను.

రామస్వామిశాస్త్రులుగారు 1891 లో దివంగతులైరి. అప్పటికి వారి కుమారులు వెంకటేశ్వరశాస్త్రులుగారు చిన్నబిడ్డలు. 1884 లో జన్మించినవారు. ఇరువదవశతాబ్ది ఆరంభమున వారు యుక్తవయస్కులై సంస్థను చేతబట్టి, చెన్నపురి ఎస్ప్లనేడులోని తమ కార్యాలయమునుండి వందలకొలది గ్రంథములను వెలువరించిరి. 'త్రిలింగ' యను తెలుగుపత్రికను, 'ఫెడరేటెడ్ ఇండియా' యను ఇంగ్లీషుపత్రికను నడపిరి. జీవితసాయంకాలమున ఒక మహానిఘంటువునకు పూనుకొని, 1949 లో ప్రథమసంపుటమును వెలువరించిరి. అరువదియైదేండ్ల వయస్సున ఎన్నడు లాభము తెచ్చునో తెలియని పనికి పెట్టుబడి పెట్టగల ధైర్యము ఎవనికి కలుగును? అంతకుముందు దశాబ్దములకొలది బాలశిక్షలను శ్రద్ధగా అమ్మినవానికే.

నష్టము నెదుర్కొన్న సందర్భము

వ్యాపారి నీతి లాభమువచ్చు దినములలో బయటపడదు. పదునెనిమిదవశతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహ మహారాజుగారి ఆస్థానముననున్న ముద్దుపళని యను విదుషీమణి 'రాధికాసాంత్వనము' అను శృంగారకావ్యమును రచించెను. దానికి పందొమ్మిదవశతాబ్దిలోనే ముద్రణము కలదు. కాని అందు కవయిత్రి పరిచయమును కొన్ని పద్యములును విడువబడెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, లోపములను పూరించి పరిష్కరింపగా, 1910 లో వావిళ్లవారు ముద్రించిరి. దొరతనమువారు అందు అశ్లీలమున్నదని ఆక్షేపించి, ప్రతులను స్వాధీనము చేసికొని, గ్రంథమును నిషేధించిరి. మగకవులు వ్రాసిన శృంగారము పాఠశాలలలో పాఠ్యమై యుండగా, ఒక స్త్రీ వ్రాసినదానికి మాత్రమే యీ దండన ఏల యని నాగరత్నమ్మగారు అడిగిన ప్రశ్న నేటికిని వాడి తగ్గలేదు.

వెంకటేశ్వరశాస్త్రులుగారికి అప్పుడు ఒక సులభమార్గముండెను. వందలలో ఒక పుస్తకము. దానిని విడిచిపెట్టి పట్టికనుండి కొట్టివేసినచో దొరల కటాక్షము దక్కును. పాఠ్యపుస్తకములమీద బ్రతుకు సంస్థకు ప్రభుత్వవిరోధము ప్రాణాంతకము. అట్లయ్యు వారు ఆ గ్రంథమును మరువలేదు. 1946-47 లలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానామాత్యులైన కాలమున వారి పూనికచే నిషేధము తొలగెను. 1952 లో వావిళ్లవారు దానిని మరల ముద్రించిరి. 1910 నకును 1952 నకును మధ్య నలువదిరెండు సంవత్సరములు. అంతకాలము ఒక సరకును మనస్సులో నిలువయుంచుకొన్న వర్తకుడు లాభమును లెక్కించియుండడు. తాను పూర్తిచేయవలసిన పని ఒకటి మిగిలియున్నదని మాత్రమే లెక్కించియుండును. కొనువారికి ఈ లెక్క తెలియును. తమకొరకు నష్టపడినవాని పుస్తకమును రెండవమారు అడుగుటకు వారు జంకరు.

కీర్తితోబాటు హెచ్చరిక

పొగడ్త యొక్కటే చెప్పినచో పాఠము సగమే యగును. వెంకటేశ్వరశాస్త్రులుగారు 1956 లో కీర్తిశేషులైరి. పిదప సంస్థ పూర్వపు వైభవమును నిలుపుకొనజాలకపోయెను. అప్పటికి చుట్టునున్న లోకము మారుచుండెను. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రమేర్పడి, చెన్నపట్టణము తెలుగువారి రాజకీయకేంద్రము కాకపోయెను. పుస్తకవ్యాపారపు బరువు క్రమముగా విజయవాడకు, తరువాత హైదరాబాదునకు ఒరగెను. పాఠ్యపుస్తకముల ముద్రణమును ప్రభుత్వములే చేపట్టెను. సీసపు అక్షరముల కాలము పోయి ఆఫ్‌సెట్టు యంత్రముల కాలము వచ్చెను. నాణ్యమున ఏ లోపము లేకున్నను, కొనువాడు నివసించు ఊరు మారినపుడు అంగడియు అడుగు కదల్చవలసియుండును. నాణ్యము సంస్థను నిలుపును. నడిపించునది మాత్రము కాలజ్ఞానము.

మరియొక సంగతి. ఒక్క మహాపురుషుని శ్రద్ధమీద నిలిచిన సంస్థకు, ఆ శ్రద్ధను చేతులు మార్చు ఏర్పాటే ప్రధానమైన మూలధనము. యంత్రములు వారసులకు వచ్చును. దిద్దుబాటులో కూర్చుండు ఓపిక వీలునామాతో రాదు. దానిని బ్రతికియుండగనే నేర్పవలెను. అనకాపల్లిలోను తండ్రి పేరుమీద నడచుచున్న వర్తకశాలలు ఎన్నియో కలవు. కొడుకునకు ఖాతాపుస్తకము అప్పగించిన తండ్రులలో, ఏ సరకును ఎందుచేత కొనరాదో గూడ నేర్పినవారెందరో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను.

కాలము మారినదను ఆక్షేపణ

'ఇవి పాతకాలపు మాటలు. నేడు వ్యాపారము వేగముమీద నడచును. నాణ్యమునకై కూర్చున్నవానిని పెట్టుబడిగలవాడు దాటిపోవును' అని యువకులు అనవచ్చును. ఈ ఆక్షేపణలో కొంత సత్యము కలదు. పెట్టుబడి గలవాడు రంగుల ప్రకటనలతో ఒక యేడు అంగడినంతయు ఆక్రమింపగలడు. కాని పుస్తకములనే చూడుడు. నేడు ఒక గ్రంథమును ప్రతిచేయుటకు సీసమక్కరలేదు, కాగితమక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. భాగవతపద్యములు వేలచోట్ల ఉచితముగా దొరకుచున్నవి. అందులో తప్పులును ఉచితముగనే దొరకుచున్నవి. ఒకచోటి పొరపాటు తెల్లవారునప్పటికి నూరుచోట్లకు ప్రాకుచున్నది. ఇట్టి దినములలో సందేహము కలిగిన పాఠకుడు ఏమి చేయుచున్నాడు? అంతర్జాలములోని గ్రంథాలయమును తెరచి, పసుపుబారిన వావిళ్లవారి ప్రతియొక్క ఛాయాచిత్రమును వెదకుచున్నాడు. అచ్చుకూటము సద్దుమణిగి దశాబ్దములు గడచినను పేరు పనిచేయుచునే యున్నది. సరకు సులభముగా దొరకిన కొలది, నమ్మదగినదేదో చెప్పగలవాని విలువ పెరుగునని దీనివలన తెలియుచున్నది.

వావిళ్లవారి కాలమున సైతము పోటీ తక్కువ కాదు. ఇంగ్లండునుండి వచ్చిన మాక్మిలన్, లాంగ్‌మన్స్ సంస్థలు గొప్ప పెట్టుబడితో పాఠ్యపుస్తకముల అంగడిలో నుండెను. 1906 లో వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి నాయకత్వమున చందాదారుల పద్ధతిపై క్రొత్తశాస్త్రములను తెలుగున వెలువరించుచుండెను. అమృతాంజనపు రాబడితో పత్రికను నిలిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1926 లో ఆంధ్రగ్రంథమాలను ప్రారంభించిరి. వీరందరి నడుమ వావిళ్లవారు తాము ఎరిగిన పనిని విడిచి ఇతరుల పనికి పరుగెత్తలేదు. ప్రాచీనగ్రంథమును శుద్ధముగా, అర్థమగునట్లు, అందుబాటు ధరకు ఇచ్చుటయే తమపని యని నిర్ణయించుకొని, అందులో తమ్ము దాటువాడు లేకుండ చేసికొనిరి.

అనకాపల్లి యువకులకు

వ్యాపారము పెట్టదలచినవారు ఈ చరిత్రనుండి గ్రహింపదగినది ఒక్కమాటలో చెప్పవచ్చును. అందరికి దొరకు ముడిసరకులో, ఎవరికిని కన్పడని శ్రమను చేర్చుటయే మీ ఆస్తి. ఆ శ్రమకు మొదటి సంవత్సరము ధర రాదు. రెండవ సంవత్సరము రాకపోవచ్చును. ఆ రెండేండ్లు నిలుచుటకు వలయు చురుకైన సరకునొకదానిని ముందే సిద్ధము చేసికొనుడు. మూడవయేట, కొనువాడు మీ పేరు పలికి అడిగిననాడు, వ్యాపారము నిజముగా ఆరంభమైనదని తలంపుడు.

పెద్దలు చేయవలసినదియు కలదు. భూస్వాములు, కమీషను వర్తకులు, వర్తకసంఘములవారు పూనుకొని, మందు వేయని బెల్లమును వేరుగా పేర్చి, వేరుగా పాడించి, దానికి తగిన ధర కట్టు ఏర్పాటు చేసినచో, శ్రమపడు రైతు ఒంటరివాడు కాకుండును. దిమ్మతోబాటు, అది ఎవరి చెరకో, ఏ గానుగలో దిగినదో, ఏమి కలిపిరో, ఏమి కలుపలేదో తెలుపు చీటి యుండవలెను. ఒకమారు పాకము చెడినచో ఆ మాటయు అందు వ్రాయవలెను. వర్తకులు మొదట నవ్వవచ్చును. పుస్తకమునకు తుదిని తప్పొప్పుల పట్టికను అచ్చువేసిననాడును నవ్వినవారుండియుందురు.

అనకాపల్లి బెల్లమునకు దేశమంతట పేరున్నది. ఆ పేరు ఏ యొక్కరిదియు కాదు. తరతరముల రైతులు పొయ్యి ముందు నిలిచి సంపాదించి పెట్టినది. అట్టి పేరును ఒక్క ఋతువు రంగుకొరకు తాకట్టు పెట్టుటయో, ఒక్కొక్క దిమ్మతో దానికి వడ్డి చేర్చుటయో, రేపటి సంతలో తూనికకు నిలుచు వారి చేతిలోనున్నది.